ఉదయకాల ప్రార్థనకు సమయమెక్కడ?

ధ్యాన పాఠము
వాక్యభాగము: మార్కు 1:21–39. తోడుగా చదువవలసినవి: నిర్గమకాండము 16వ అధ్యాయము, కీర్తన 119:145–152.



మన సంఘములను దర్శించుటకు వెళ్లినప్పుడెల్లను మేము వినుమాట ఒకటున్నది. "అయ్యగారూ, పొద్దున్నే ప్రార్థన చేసుకోవాలనే ఉంటుంది, టైమే దొరకదు." ఈ మాటను సాకు అని కొట్టివేయుటకు మాకు నోరు రాదు. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. తండ్రులు గని కూత విని లేచిరి, పిల్లలు బెంగుళూరు రైలు కొరకు లేచుచున్నారు, చీకటితోనే మారికుప్పము స్టేషనులో నిలబడుచున్నారు. చెన్నైలో మన అక్కచెల్లెండ్రు అనేకులు ఊరు లేవకముందే రోడ్డు మీద చీపురు పట్టుకొని యుందురు. ముంబయిలో కుళాయికి నీరు వచ్చు వేళ మన చేతిలో లేదు, ఆ నీరు పట్టిన తరువాత లోకల్ రైలు ఉండనే ఉన్నది. ఖుర్దారోడ్డు రైల్వే క్వార్టర్సులో ఒకరు రాత్రి డ్యూటీ దిగి వచ్చుచుండగా ఇంకొకరు టిఫిన్ డబ్బా పట్టుకొని బయలుదేరుదురు. యానాములో కాకినాడ బస్సు. ఇట్లు చెప్పుకొనుచు పోయిన యెడల పత్రిక అంతయు నిండును.

ఇట్టి జీవితములు గలవారికి ఉదయకాల ప్రార్థనను గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు ప్రసంగీకులమైన మేము సాధారణముగా ఏమి చేయుదుము? దినమునకు మూడు నాలుగు గంటలు మోకాళ్ల మీద గడిపిన భక్తుల చరిత్రలు చెప్పుదుము. ఆ భక్తులు గొప్పవారే, సందేహము లేదు. అయితే వారిలో ఎంతమంది బిందె పట్టుకొని వరుసలో నిలబడిరో మేమెన్నడును విచారించలేదు.

ఈ విషయములో మేమే ఒక పాఠము నేర్చుకొంటిమి. దానిని దాచక చెప్పుచున్నాము. కొన్ని సంవత్సరముల క్రిందట చెన్నైలోని ఒక సంఘములో ఉజ్జీవ కూటముల వారము జరిగెను. ప్రతిదినము ఉదయము 5 గంటలకు ప్రార్థన అని ప్రకటించితిమి. మొదటి దినము ఇరువదిమంది వచ్చిరి. నాలుగవ దినమునకు ఏడుగురే. ఆదివారము బల్ల యొద్ద నిలిచి గట్టిగానే మాట్లాడితిమి. టీవీకి సమయమున్నది, పెండ్లిండ్లకు సమయమున్నది, ప్రభువునకు మాత్రము లేదా అని అడిగితిమి. సంఘమంతయు తలలు వంచుకొనెను. మా మాట తగిలినదని లోలోపల సంతోషించితిమి కూడా.

ఆరాధన ముగిసి అందరు వెళ్లువరకు ఒక పెద్ద వయస్సు సహోదరి తలుపు యొద్ద నిలిచి యుండెను. దగ్గరకు వచ్చి ఆమె మెల్లగా ఇట్లనెను. "అయ్యగారూ, తప్పుగా అనుకోవద్దు. మీరు ఐదింటికి ప్రార్థన పెట్టారు. ఐదింటికి నేను హాజరు వేయించుకోవాలి. ఒక్క నిమిషం ఆలస్యమైనా సగం కూలి పోతుంది. మూడున్నరకు లేచి అన్నం వండి పెట్టి వస్తాను. చీపురు పట్టకముందు ఆ రోడ్డు చివర రెండు నిమిషాలు కళ్లు మూసుకొని నిలబడతాను. అది లెక్కలోకి రాదా, అయ్యగారూ?"

మా యొద్ద జవాబు లేకపోయెను. ఆ రాత్రి బసకు వెళ్లి మార్కు సువార్త మొదటి అధ్యాయము మరల తెరిచితిమి. ఎన్నోసార్లు ప్రసంగించిన భాగమే. అయినను ఆ సహోదరి మాట చెవిలో పెట్టుకొని చదివినప్పుడు మునుపు చూడనివి కొన్ని కనబడెను. ఈ నెల పాఠము అదే.

ఆ ముందటి దినము

35వ వచనమును మనము ఎప్పుడును ఒంటరిగా చదువుదుము. యేసు పెందలకడ లేచి, తెల్లవారకముందే నిర్జన ప్రదేశమునకు పోయి ప్రార్థించెను. గోడ మీద వ్రాసికొనుటకు చక్కని వచనము. అయితే అది ఏ దినమునకు మరుసటి ఉదయమో చూడుడి. కపెర్నహూములో అది విశ్రాంతి దినము. సమాజమందిరములో ఆయన బోధించెను, అక్కడనే అపవిత్రాత్మ పట్టినవాడు కేకలు వేసెను, వానిని విడిపించెను. అక్కడనుండి నేరుగా సీమోను ఇంటికి వచ్చెను. అక్కడ విశ్రాంతి తీసికొనవచ్చునేమో అనుకొనగా సీమోను అత్త జ్వరముతో పడియుండెను. ఆమెను లేవనెత్తెను. పొద్దు గ్రుంకిన తరువాత పట్టణమంతయు ఆ తలుపు యొద్ద కూడెను.

పొద్దు గ్రుంకిన తరువాతనే ఎందుకు వచ్చిరి? యూదులకు విశ్రాంతి దినము సూర్యాస్తమయముతో ముగియును. అంతవరకు రోగులను మోసికొని వచ్చుటకు వీలు లేదు. కాబట్టి ఊరివారికి పని మొదలైన వేళకే యేసునకు రెండవ పని దినము మొదలాయెను. ఇప్పటి మాటలో చెప్పవలెనంటే అది డబుల్ డ్యూటీ. ఆ జనము ఎన్ని గంటలకు కదిలెనో, ఆయన ఎప్పుడు పండుకొనెనో మార్కు చెప్పలేదు. ఆ రాత్రి తరువాత వచ్చిన తెల్లవారుజామే 35వ వచనము.

అనగా మన ప్రభువు ఉదయ ప్రార్థన తీరిక గల మనిషి ప్రార్థన కాదు. సెలవు దినపు ప్రార్థన అంతకంటె కాదు. లూకా కూడ ఇట్టిదే చెప్పుచున్నాడు (5:15, 16). ఆయనను గూర్చిన వార్త వ్యాపించి జనసమూహములు పెరిగిన కొలది ఆయన ఏకాంత స్థలములకు వెళ్లి ప్రార్థించుచుండెను. పని పెరిగినప్పుడు మనము మొదట కోసివేయునది ప్రార్థన. ఆయన యొద్ద అది కోయబడలేదు.

రెండవది, ఆయన ఇల్లు విడిచి ఎందుకు వెళ్లవలసి వచ్చెను? ఆ ఇంటిలో సీమోను, అంద్రెయ, సీమోను అత్త ఉన్నట్లు 29, 30 వచనములలో చూచుచున్నాము. గదిలోనికి పోయి తలుపు వేసికొని ప్రార్థించుడని మత్తయి 6:6లో బోధించిన ప్రభువునకు ఆ ఉదయము ఇంటిలో అట్టి చోటు లేదు. ఒకే గది ఇండ్లలో నలుగురైదుగురు పండుకొను మనవారికి ఇది ఎంత ఆదరణ! తలుపు గల గది లేని వానికి ప్రార్థన లేదని ప్రభువు అనలేదు. మేడ మెట్లు, మందిరపు వరండా, రైలులో కిటికీ ప్రక్క సీటు, రోడ్డు చివర, ఇవన్నియు మనవారికి నిర్జన ప్రదేశములే.

మూడవది, ఆ ప్రార్థనను మధ్యలోనే ఆపివేసిరి. సీమోనును అతనితో కూడ నున్నవారును ఆయనను వెదకుచు వచ్చిరి. గ్రీకు మూలములో ఇక్కడ వాడిన మాటకు వేటాడుచు వెంబడించుట అను బలము కలదు. అందరు నీ కొరకు వెదకుచుండగా నీవు ఇక్కడ ఉన్నావా అను ధోరణి వారి మాటలో వినబడుచున్నది. ఎంతసేపు ప్రార్థించిన తరువాత వారు వచ్చిరి? వ్రాయబడలేదు. అది వ్రాయబడకపోవుటయే మేలని మాకు తోచుచున్నది. వ్రాయబడి యుండిన యెడల ఆ నిమిషములను లెక్కకట్టి ఒకరి నొకరు తీర్పు తీర్చుకొని యుందుము. కండ్లు మూసుకొనగానే బిడ్డ ఏడ్చుట, పాలు పొంగుట, అత్తగారు పిలుచుట ఎరిగిన తల్లులు ఈ 36వ వచనము క్రింద గీత గీసికొనవచ్చును.

ఆయన తిరిగి వెళ్లలేదు

ఇప్పుడు ఈ పాఠమునకు గుండెకాయ వంటి మాటకు వచ్చుచున్నాము. అందరు వెదకుచున్నారని చెప్పినప్పుడు యేసు కపెర్నహూమునకు తిరిగి వెళ్లలేదు. ఇతర గ్రామములకు వెళ్లుదము, నేను వచ్చినది ఇందునిమిత్తమే అనెను (38). లూకా 4:42లో జనులు తమ్మును విడిచి పోకుండ ఆయనను ఆపజూచినట్లున్నది. వారి అవసరము అబద్ధమా? కాదు. రోగులు నిజముగా ఉండిరి. ముందటి రాత్రి జరిగిన పని మంచిదే, దేవుని పనియే. అయినను ఆ ఉదయము తండ్రి యొద్ద ఆయన పొందిన మార్గము వేరు.

ప్రార్థన చేసిన యెడల దినమంతటి పనులన్నిటికిని బలము కలుగునని మనము చెప్పుదుము. అది నిజమే. ఈ భాగములో మాత్రము ప్రార్థన ఒక పనిని విడిచిపెట్టుటకు బలమిచ్చెను. ఎవరెవరు పిలుచుచున్నారో వారందరి వెంట పరుగెత్తు దినమునకును, తండ్రి చూపిన దానిని చేయు దినమునకును తేడా ఆ చీకటి వేళలోనే తేలినది. అందుచేత తీరిక లేనివానికి ప్రార్థన ఇంకొక పని అనుకొనుట పొరపాటు. మిగిలిన పనులలో ఏది మనది, ఏది మనది కాదు అని తెలిసికొను చోటు అది.

నీటి కుళాయిని విడువలేము. కూలిని, డ్యూటీని, పిల్లల బడిని విడువలేము. ఇవి విడువవలెనని ఎవరైన చెప్పిన యెడల వినకుడి. కాని మన తీరికలేనితనమంతయు కుళాయి వలననే కలిగినదా? చీటీపాటల లెక్కలు, ఎదుటివారు కట్టినట్టి ఇల్లు మనమును కట్టవలెనని చేయు ఓవర్‌టైము, అర్ధరాత్రి వరకు సాగు ఫంక్షన్లు, చెప్పుటకు కొంచెము సిగ్గుగా నున్నను, మన సంఘ కమిటీ మీటింగులు. ఒక్క తీర్మానమునకు మూడు రాత్రులు కూర్చున్న కమిటీలను మేమెరుగుదుము. వీటిలో ఏది విడువవలెనో బయటినుండి మేము చెప్పజాలము. ఒకరి ఓవర్‌టైము పేరాశ కావచ్చును, ఇంకొకరిది ఇంటిలో బియ్యము కావచ్చును. అది ఎవరికి వారు ప్రభువు నడుగవలసినది. అడుగుటకు ఆ వేళ కావలెను గదా.

ఓమెరు కొలత

నిర్గమకాండము 16లో మన్నా ఉదయమున దొరికెను, ఎండ ఎక్కిన తరువాత కరగిపోయెను. రేపటికని దాచినది పురుగుపట్టెను. విశ్రాంతి దినము కొరకు దాచినది మాత్రము చెడలేదు, అది దేవుడు చెప్పి దాచించినది. ఆదివారము మూడు గంటలు మందిరములో కూర్చుండి వారమంతటికి సరిపడ కూర్చుకొంటిమని తలంచువారు ఈ అధ్యాయము చదువవలెను. 18వ వచనము మరి ప్రశస్తమైనది. ఓమెరుతో కొలిచినప్పుడు ఎక్కువ కూర్చినవానికి మిగులలేదు, తక్కువ కూర్చినవానికి తక్కువ కాలేదు. ఆ సహోదరి రోడ్డు చివరి రెండు నిమిషములు ఈ కొలతలో తక్కువ కాదని మేము నమ్ముచున్నాము. ఆ దినము మేము ఆమెకు చెప్పలేకపోయిన జవాబు ఇదియే.

అయితే ఈ మాట పట్టుకొని పింఛను పుచ్చుకొనుచు వరండాలో కూర్చుండి పేపరు ఒక గంట చదువు మనము కూడ రెండు నిమిషములే చాలునని అనవద్దు. ప్రతివాడును తాను తిను కొలది కూర్చుకొనెనని అక్కడ ఉన్నది. సమయమున్నవారు సమయము లేనివారి పక్షముగా కూడ ప్రార్థించు బాధ్యత గలవారు. వయస్సు మీరిన వారికి నిద్ర తక్కువ. మూడు గంటలకు మెలకువ వచ్చిన యెడల దొర్లుట ఎందుకు, సంఘములోని కుటుంబముల పేర్లు ఒక్కొక్కటిగా ప్రభువు ఎదుట పెట్టవచ్చును.

తెలుగు బాప్టిస్టులమైన మనకు ఉదయ ప్రార్థన అనగానే ఒంగోలు ప్రార్థన కొండ జ్ఞాపకము వచ్చును. 1854 జనవరి 1న లైమన్ జూయెట్ దొరగారు, వారి భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు తెల్లవారుజామున ఆ కొండ ఎక్కి, క్రింద కనబడు ఊళ్ల కొరకు ప్రార్థించిరి. 1866లో క్లౌ దొరగారు ఒంగోలునకు కాపురము వచ్చిరి. 1878 జూలై 3న ఒక్క దినమందే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము పొందిరి. మనలో అనేకుల తాత ముత్తాతలు ఆ కాలపు సంఘములనుండి బయలుదేరి వచ్చినవారే. కొండ మీది ఆ ఒక్క ఉదయమును మనమందరము చెప్పుకొందుము. కొండ దిగిన తరువాత ఒంగోలునకు మిషనరీ వచ్చువరకు గడిచిన 12 సంవత్సరముల ఉదయములను ఎవరును చెప్పుకొనరు. జనవరి 1న కొండ ఎక్కుట సుళువు. జనవరి 2న మంచము దిగుట కష్టము.

రాత్రి డ్యూటీవారి సంగతి

"నేను ఇల్లు చేరేసరికే ఎనిమిదవుతుంది, నాకు ఉదయ ప్రార్థన ఎక్కడిది?" అని ఒక రైల్వే సహోదరుడు అడిగెను. కీర్తన 119లో 147, 148 వచనములు ప్రక్క ప్రక్కన ఉన్నవి. మొదటి దానిలో కీర్తనకారుడు తెల్లవారకమునుపే మొఱ్ఱపెట్టుచున్నాడు. రెండవ దానిలో రాత్రి జాములలో వాక్యము ధ్యానించుటకు అతని కన్నులు తెరచియున్నవి. ఒకే భక్తుడు, రెండు వేళలు. 134వ కీర్తన రాత్రివేళ యెహోవా మందిరములో నిలుచు సేవకుల కొరకు వ్రాయబడినది. మధ్యాహ్నము రెండింటికి నిద్ర లేచువానికి అదే తెల్లవారుజాము. లేచిన తరువాత లోకముతో మాట్లాడకముందు దేవునితో మాట్లాడుటయే ఉదయ ప్రార్థన. గడియారము మనకు దేవుడు కాదు.

ఆదికాండము మొదటి అధ్యాయములో అస్తమయము మొదట, ఉదయము తరువాత చెప్పబడుట గమనించుడి. దినము సాయంకాలముతోనే మొదలగుచున్నది. ఉదయ ప్రార్థన చెడిపోవుట కూడ ముందు రాత్రియే జరుగును. తలగడ క్రింద ఫోను పెట్టుకొని పండ్రెండు వరకు చూచినవాడు నాలుగింటికి ఎట్లు లేచును? లేచిన యెడల అలారము ఆపిన చేయి ఊరకుండదు, మెసేజీలలోనికి పోవును. వాక్యము వ్రాసిన పువ్వుల బొమ్మలను ముప్పదిమందికి పంపి, ప్రభువుతో ఒక్క మాటయైనను పలుకని ఉదయములు మాకును ఉన్నవి. ఒక కాపరిగారు ఫోనును వంటింటి డబ్బాలో పెట్టి, పాత అలారము గడియారము కొనుక్కొనిరి. మంచి పని చేసిరి.

ఇక్కడ ఇంకొక మాట. కొన్ని సంఘములలో నాలుగున్నరకు మైకు పెట్టి ప్రార్థించుచున్నారు. సామెతలు 27:14 చదువుడి. వేకువనే లేచి గొప్ప శబ్దముతో చేసిన దీవెన శాపముగా ఎంచబడునని సొలొమోను ఎన్నడో చెప్పెను. ప్రక్క ఇంటిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు పండుకొని యుండవచ్చును.

ఇంటివారితో

కుటుంబ ప్రార్థనను గూర్చి కొంచెము చెప్పి ముగింతుము. అది ఉదయమే కావలెనను నియమము లేదు, అందరు ఇంటనుండు వేళ చూచుకొనుడి. మన పిల్లలు కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ చదువుచున్నారు. తెలుగు మాట్లాడుదురు గాని తెలుగు బైబిలు చదువలేని పిల్లలు ప్రతి సంఘములో ఉన్నారు. అనేక ఇండ్లలో తెలుగు వాక్యము వినబడు చోటు ఇక కుటుంబ ప్రార్థన ఒక్కటే. అందుచేత అది ఆగిపోయిన యెడల రెండు నష్టములు. అయినను ప్రార్థనను తెలుగు పాఠముగా మార్చి, తప్పు చదివిన పిల్లవానిని అందరి ఎదుట దిద్దుట మంచిది కాదు. బెళగావిలోనైనను బరంపురములోనైనను బిడ్డ తాను చదువగలిగిన భాషలో ఒక వచనము చదువనీయుడి, అదే వచనము నాయనమ్మ తెలుగులో చెప్పనీయుడి. వారిద్దరు ఒకరి మాట ఒకరు వినుటకు అయిదు నిమిషములు చాలును.

బైబిలు తరగతి నడుపువారికి ఒక సలహా. ఈ పాఠము చెప్పిన దినము ఒక కాగితము తిప్పుడి. ప్రతివారు తాము నిజముగా ఏ వేళ, ఏ చోట ప్రార్థించగలరో వ్రాయవలెను. వ్రాయవలసినది కోరిక కాదు, వీలు. పెద్దలు మొదట వ్రాయవలెను, లేనియెడల చిన్నవారు నిజము వ్రాయరు. వీలు లేదని వ్రాసినవారిని ఏమియు అనవద్దు, వారి పేరు ప్రక్కన సమయము గల ఇంకొకరి పేరు వ్రాయుడి.

చెన్నైలోని ఆ సంఘములో మేము మరుసటి సంవత్సరము ఇట్లు చేసితిమి. 5 గంటల కూటమును మానివేసి గురువారము రాత్రి 8 గంటలకు మార్చితిమి. కాగితము తిరిగి మా చేతికి వచ్చినప్పుడు చదివి చూచితిమి. నీళ్ల లారీ యొద్ద, 4:15. పార్కు స్టేషను వంతెన మీద, 6:20. పిల్లలు బడికి పోయిన తరువాత వంటింటిలో, 9 గంటలు. సెక్యూరిటీ డ్యూటీ, రాత్రి 2 గంటలు. చివరి వరుసలో ఆ పెద్ద సహోదరి తన మనుమరాలిచేత తమిళములో వ్రాయించినది: రోడ్డు చివర, ఐదింటికి ముందు.